పీసీపార్ట్‌పికర్ రివ్యూ: మొదటి గేమింగ్ పీసీ బిల్డ్ చేసేవాళ్ళు దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు

మొదటిసారి సొంతంగా గేమింగ్ పీసీ బిల్డ్ చేద్దాం అనుకునే ఎవరిని కదిలించినా ఒకటే భయం చెప్తారు, ఈ ప్రాసెసర్ ఆ బోర్డ్‌లో కూర్చుంటుందా, ఆ ర్యామ్ దీనికి పడుతుందా, అన్నీ కొనేసి బాక్సులు విప్పాక ఏదో ఒకటి కుదరకపోతే అప్పుడేంటి పరిస్థితి అని. ఆ భయం సగానికి పైగా తగ్గించే సైట్ పీసీపార్ట్‌పికర్. మా తమ్ముడి మొదటి బిల్డ్‌కి లిస్ట్ మొత్తం దీంట్లోనే వేశాం, ఆ తర్వాత ఫ్రెండ్స్‌లో ఎవరు అడిగినా ముందు ఇదే ఓపెన్ చేయమంటున్నా, కాబట్టి దీని బలం ఎక్కడుందో, ఎక్కడి నుంచి మన కళ్ళే మనకి దిక్కో బాగానే తెలిసింది. మొదటే చెప్పేస్తున్నా, ఇది కచ్చితంగా వాడాల్సిన సైటే, కానీ అది ప్రాబ్లం ఏం లేదు అని చూపించగానే ఆర్డర్ పెట్టేయడం మాత్రం వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఇంత రాస్తున్నా.

వాడటం చాలా తేలిక. సిస్టమ్ బిల్డర్ పేజీలో ప్రాసెసర్, కూలర్, మదర్‌బోర్డ్, ర్యామ్, స్టోరేజ్, గ్రాఫిక్స్ కార్డ్, క్యాబినెట్, పవర్ సప్లై ఇలా వరసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన బటన్ నొక్కి ఎంచుకుంటూ పోవడమే. డబ్బులు కట్టక్కర్లేదు, లిస్ట్ వేయడానికి అకౌంట్ కూడా అక్కర్లేదు. ఒక ప్రాసెసర్ పెట్టాక మదర్‌బోర్డ్స్ లిస్ట్‌కి వెళ్తే కంపాటిబిలిటీ ఫిల్టర్ ఉంటుంది, దానివల్ల ఆ ప్రాసెసర్‌కి పనికిరాని బోర్డులు అసలు కనిపించవు. కొత్తవాళ్ళకి ఇదొక్కటే ఎంత పెద్ద రిలీఫో మాటల్లో చెప్పలేను, వందల కొద్దీ బోర్డులు ముందేసుకుని బుర్ర వేడెక్కించుకునే పని తప్పుతుంది. పైన ఎప్పుడూ ఒక లైన్ కనిపిస్తుంటుంది, అన్నీ కలుస్తున్నాయా లేదా అని, పక్కనే మొత్తం ఎన్ని వాట్స్ లాగుతుందో అంచనా. లిస్ట్ అయిపోయాక లింక్ కాపీ చేసి తెలిసిన అన్నకో అక్కకో పంపిస్తే వాళ్ళు ఒక్క చూపులో చూసి చెప్పేస్తారు.

సాకెట్ల విషయంలో, అంటే బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు విషయంలో, ఈ సైట్‌ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. ఇక్కడే కదా కొత్తవాళ్ళు ఎక్కువ బోల్తా పడేది. ఏఎండీలో ఏఎమ్4 వేరు, ఏఎమ్5 వేరు, 2022 సెప్టెంబర్‌లో రైజెన్ 7000 సిరీస్‌తో ఏఎమ్5 వచ్చినప్పుడు పిన్నులు ప్రాసెసర్ కింద నుంచి బోర్డ్‌లోకి మారిపోయాయి, ర్యామ్ కూడా డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లు ఎల్‌జీఏ 1700, ఆ తర్వాత 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి ఎల్‌జీఏ 1851. ఇంతవరకు పేర్లు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. కానీ సాకెట్ పేరు ఒకటే అయినా పని చేయని సందర్భాలు కూడా ఉన్నాయి, 2017లో వచ్చిన ఇంటెల్ 8వ జనరేషన్ ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1151 అనే రాసి ఉంటాయి, అంతకుముందు 100, 200 సిరీస్ బోర్డులు కూడా ఎల్‌జీఏ 1151నే, అయినా ఇంటెల్ లెక్క ప్రకారం అందులో ఇది నడవదు, 300 సిరీస్ బోర్డే కావాలి. సెకండ్ హ్యాండ్ పార్ట్స్ కొనేవాళ్ళు ఇలాంటి చోట డబ్బులు పోగొట్టుకుంటారు. సాకెట్ పేరు చూసి సరిపోతుందిలే అనుకునే బదులు ఆ రెండూ ఇక్కడ లిస్ట్‌లో పెట్టి చూడటానికి నిమిషం పట్టదు.

ర్యామ్ కూడా అంతే. డీడీఆర్4కి, డీడీఆర్5కి రెండిటికీ 288 పిన్నులే, దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, మధ్యలో గాటు ఉండే చోటు మాత్రం వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు, బలవంతంగా నొక్కితే విరగడమే. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో రెండు రకాలూ దొరుకుతాయి, ఒకే మోడల్ పేరు, చివర్లో డీ4 అనో డీడీఆర్4 అనో చిన్న తోక, అంతే తేడా. ఆ తోక చూడకుండా డీడీఆర్5 ర్యామ్ ఆర్డర్ పెట్టేస్తే గోవిందా. సైట్ దీన్ని వెంటనే పట్టేస్తుంది. అదే పేరుతో వైఫై ఉన్న బోర్డు, లేని బోర్డు కూడా ఉంటాయి, దీనికి ఏ హెచ్చరికా రాదు, ఎందుకంటే వైఫై లేకపోవడం తప్పు కాదు కదా, ఇంట్లో కేబుల్ లాగే వీలు లేనివాళ్ళు మాత్రం మోడల్ పేరు చివరి వరకు చదవండి.

నాకు ఈ సైట్‌లో బాగా నచ్చేది లిస్ట్ కింద వచ్చే నోట్స్. చాలామంది పైన పచ్చగా కనిపించగానే కిందకి స్క్రోల్ చేయరు. అక్కడే అసలు సరుకంతా ఉంటుంది. ఉదాహరణకి పాత బీ450 బోర్డ్‌లో రైజెన్ 5 5600 పెట్టారనుకోండి, సాకెట్ కలుస్తుంది, అయినా ఫలానా బయోస్ (పీసీని స్టార్ట్ చేసే, బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఉంటేనే ఈ ప్రాసెసర్ నడుస్తుంది, పాతది ఉంటే అప్‌డేట్ చేయాలి అని నోట్ వస్తుంది. బీ450 వచ్చింది 2018లో, రైజెన్ 5000 వచ్చింది 2020 చివర్లో, మధ్యలో ఎప్పుడో తయారై గోడౌన్‌లో ఉండిపోయిన బోర్డ్ మీ చేతికి వస్తే పీసీ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. కొత్తవాళ్ళు అప్పుడు ప్రాసెసర్ పోయిందనో బోర్డ్ పోయిందనో కంగారు పడిపోతారు. బీ650 బోర్డ్‌లో రైజెన్ 9000 సిరీస్ పెట్టినా ఇదే కథ. అందుకే నా సలహా, ఈ నోట్ కనిపిస్తే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బోర్డే తీసుకోండి, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌లో ఫైల్ వేసి వెనకాల బటన్ నొక్కితే అప్‌డేట్ అయిపోతుంది, బోర్డ్‌కి కరెంట్ కనెక్షన్లు ఇచ్చి ఉంటే చాలు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి, ఫైల్‌కి బోర్డ్ కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి, అది వాళ్ళ మాన్యువల్‌లో ఉంటుంది.

ఇంకో నోట్ ఎమ్.2 స్లాట్ల గురించి, అంటే చిన్న ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డ్‌లోకి దిగే చోట్లు. కొన్ని బోర్డుల్లో ఒక ఎమ్.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టేవి) ఆగిపోతాయి, ఆ దారి రెండూ పంచుకుంటాయి కాబట్టి. ఈ సంగతి తెలియక పాత హార్డ్ డిస్క్ ఎందుకు కనిపించట్లేదా అని గంటల తరబడి కేబుల్స్ మార్చి మార్చి చూసేవాళ్ళున్నారు. సైట్ ముందే చెప్తుంది. క్యాబినెట్ ముందు భాగంలో టైప్-సీ పోర్ట్ ఉండి, బోర్డ్‌లో దాని కేబుల్ పెట్టే హెడర్ లేకపోయినా చెప్తుంది. పీసీ ఆగిపోయేంత విషయాలు కావు ఇవి, కానీ కొన్నాక తెలిస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఈ సైట్ చూసేది ప్రధానంగా రెండే విషయాలు, పార్ట్ అందులో పడుతుందా, ఆన్ అవుతుందా. పడ్డాక పూర్తి వేగంతో పని చేస్తుందా అనేదాని జోలికి పెద్దగా పోదు. గేమింగ్ పీసీకి డబ్బులు పెట్టేదే వేగం కోసం కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రైజెన్ 5 5500, రైజెన్ 5 5600. పేరు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, రెండూ 2022 ఏప్రిల్‌లోనే వచ్చాయి, రెండిట్లో 6 కోర్లు 12 థ్రెడ్లు, రెండూ ఏఎమ్4. కానీ 5500లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ, గేమ్స్‌కి ఈ క్యాష్ చాలా ముఖ్యం. పైగా పీసీఐఈ, అంటే ప్రాసెసర్‌కి గ్రాఫిక్స్ కార్డ్‌కి మధ్య డేటా నడిచే దారి, 5500లో 3.0 వరకే, 5600లో 4.0 ఉంది. దీని పక్కన గ్రాఫిక్స్ కార్డ్ ఏంటి అనేదాన్ని బట్టి ఈ తేడా ఒక్కోసారి అసలు తెలియదు, ఒక్కోసారి గేమ్ ఆడలేనంత అవుతుంది. ఎలాగంటే, గ్రాఫిక్స్ కార్డ్ కింద స్లాట్ పొడుగ్గా ఉంటుంది కానీ లోపల అన్ని కార్డులూ 16 లేన్లూ (ఆ దారిలోని వరసలు) వాడవు. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 8 లేన్లే, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే 4 లేన్లే. పీసీఐఈ 4.0లో ఆ కొన్ని లేన్లు కూడా సరిపోతాయి, అదే 3.0 అయితే ఒక్కో లేన్ వేగం సగమే. 6500 ఎక్స్‌టీకి ఉన్న మెమరీ 4 జీబీ, గేమ్‌కి అది చాలక కార్డ్ మాటిమాటికి సిస్టమ్ ర్యామ్ వైపు వెళ్ళాల్సి వస్తుంది, ఆ దారేమో సన్నగా ఉంటుంది, ఫ్రేమ్స్ ఢమాల్‌మని పడిపోతాయి. 5500కి ఆ కార్డ్ జత చేసి లిస్ట్ వేసి చూడండి, ఏ హెచ్చరికా ఉండదు, అంతా కలిసినట్టే చూపిస్తుంది, చూపించేది అబద్ధం కూడా కాదు, అది పడుతుంది, ఆన్ అవుతుంది.

అందుకే బడ్జెట్ బిల్డ్ చేసేవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి అంటాను. పెద్ద కార్డులు కొనేవాళ్ళకి ఈ బాధ తక్కువ, వాటికి 16 లేన్లు ఉంటాయి, మెమరీ కూడా దండిగా ఉంటుంది. తక్కువలో ముగించాలని పాత బోర్డ్, చౌక ప్రాసెసర్, చిన్న కార్డ్ కలిపేవాళ్ళకే మూడు చోట్లా కోతలు పడి అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటి కార్డ్‌కి పూర్తి 16 లేన్లు ఇచ్చారు, అదే ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 8, పాత పీసీఐఈ 3.0 బోర్డ్ మీద వాడబోయేవాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన తేడా. ఇంటెల్ ఆర్క్ బీ580 తీసుకునేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి, దానికి రీసైజబుల్ బార్ అనే ఫీచర్ (ప్రాసెసర్ కార్డ్ మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోనిచ్చేది) బోర్డ్‌లో ఆన్ చేసి ఉండాలి, లేకపోతే పర్ఫార్మెన్స్ బాగా తగ్గిపోతుంది, పాత ప్లాట్‌ఫామ్స్‌లో ఆ ఆప్షనే ఉండకపోవచ్చు.

ర్యామ్ వేగం దగ్గర కూడా సైట్ సగం దూరమే తోడొస్తుంది. ఏఎమ్5లో డీడీఆర్5 6000 కిట్ చాలామంది తీసుకుంటారు, నేనూ అదే చెప్తాను, ధరకి వేగానికి మంచి పొంతన. కానీ పెట్టగానే అది 6000 వేగంతో నడవదు, మామూలుగా 4800 దగ్గర ఆగుతుంది, బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో అనే సెట్టింగ్ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపేది) ఆన్ చేయాలి, ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎమ్‌పీ. పీసీ కట్టి నెలలు గడిచినా ఇది ఆన్ చేయనివాళ్ళు కొల్లలు. నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నాలుగు ర్యామ్ కర్రలు పెడదాం అనుకుంటే అక్కడ ఇంకో చిక్కు, రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చేది రెండు కర్రలతో 5200, నాలుగు పెడితే 3600. దానికంటే పైన నడవడం బోర్డ్ మీద, ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద ఆధారపడి ఉంటుంది. లిస్ట్‌లో రెండు కిట్లు పెడితే నాలుగు స్లాట్లకి నాలుగు కర్రలు, లెక్క సరిపోయింది అంటుంది. నా మాట విని 32 జీబీ కావాలంటే 16 జీబీవి రెండు ఉన్న ఒకే కిట్ తీసుకోండి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టండి. ఏఎమ్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగా ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపేయకండి.

కొలతల విషయానికొస్తే సైట్ వాళ్ళే నిజాయితీగా ఒక మాట రాస్తారు, కూలర్‌కి ర్యామ్‌కి మధ్య ఖాళీ లాంటి కొన్ని కొలతలు మేం చెక్ చేయట్లేదు అని. ఆ లైన్ సీరియస్‌గా తీసుకోండి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి పెద్ద ఎయిర్ కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు, రెండు ఫ్యాన్లతో వాడితే దాని కింద ర్యామ్‌కి మిగిలే ఎత్తు 32 మిల్లీమీటర్లే, లైట్లు వెలిగే ర్యామ్ చాలావరకు అంతకంటే ఎత్తు ఉంటుంది. ఫ్యాన్ కాస్త పైకి జరిపితే ర్యామ్ పడుతుంది, అప్పుడు కూలర్ మొత్తం ఎత్తు పెరిగి క్యాబినెట్ అద్దం మూత పడకపోవచ్చు. కాబట్టి కూలర్ పేజీలో ఎత్తు, క్యాబినెట్ పేజీలో కూలర్‌కి ఇచ్చిన చోటు, ర్యామ్ పేజీలో హీట్‌సింక్ ఎత్తు, మూడూ పక్కపక్కన రాసుకుని చూస్తే గానీ ధైర్యం రాదు. పాత కూలర్ కొత్త బోర్డ్ మీద వాడదామనుకునేవాళ్ళు కూడా ఆగాలి, ఏఎమ్4 కూలర్లు చాలావరకు ఏఎమ్5 మీద పడతాయి కానీ ఇంటెల్ ఎల్‌జీఏ 1200 నుంచి 1700కి వచ్చేసరికి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకి మారింది, కొత్త కిట్ కావాలి. అసలు కూలర్ బాక్స్‌లోనే వస్తుందా అనేది కూడా మోడల్‌ని బట్టే, రైజెన్ 5 7600తో వస్తుంది, 7600ఎక్స్‌తో రాదు.

గ్రాఫిక్స్ కార్డ్ పొడుగు సైట్ చూస్తుంది. కానీ ముందు వైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెట్టే ఆలోచన ఉంటే ఆ లెక్క మళ్ళీ మీరే వేసుకోండి. మామూలు రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, మొత్తం 52. క్యాబినెట్‌లో కార్డ్‌కి 360 మిల్లీమీటర్ల చోటు ఉంది అని రాసి ఉంటే మిగిలేది 308. ఇప్పుడొచ్చే మూడు ఫ్యాన్ల కార్డులు 300 దాటడం మామూలే. మందం కూడా చూడండి, మూడు స్లాట్లు ఆక్రమించే కార్డ్ మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డ్ మీద పెడితే కింద ఉన్న స్లాట్లు చాలావరకు మూసుకుపోతాయి, వైఫై కార్డో క్యాప్చర్ కార్డో తర్వాత పెడదాం అనుకుంటే చోటుండకపోవచ్చు.

పవర్ సప్లై దగ్గర మాత్రం ఈ సైట్‌ని నమ్మి ఆగిపోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. అక్కడ చూపించే వాట్స్ అంచనా పార్ట్స్ అన్నిటి అవసరాన్ని కలిపిన మొత్తం, దానికి అంచు వరకు సరిపెట్టే పవర్ సప్లై కొనమని కాదు దానర్థం. ఆర్‌టీఎక్స్ 4070 తనంతట తాను లాగేది 200 వాట్స్, ఎన్‌విడియా మాత్రం మొత్తం సిస్టమ్‌కి 650 వాట్స్ పవర్ సప్లై పెట్టమంటుంది. ఆ గ్యాప్ ఊరికే ఇవ్వలేదు, గేమ్ మధ్యలో కార్డ్ సెకనులో వెయ్యో వంతు కూడా కాని కాలానికి మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుంది, నాసిరకం సప్లై అయితే ఆ దెబ్బకి ఆఫ్ అయిపోతుంది. 2022లో పవర్ సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో దీనికోసమే ఒక రూల్ పెట్టారు, 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కి రెట్టింపు లోడ్ పడినా తట్టుకోవాలి అని. 80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ అనే స్టిక్కర్ చూసి క్వాలిటీ అనుకుంటారు చాలామంది, అది చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంట్‌లో ఎంత వృథా అవుతుందో మాత్రమే, లోపల ప్రొటెక్షన్లు ఎలా ఉన్నాయో, వేడిలో ఎంతకాలం నిలుస్తుందో కాదు. లోపలి భాగాలు విప్పి లోడ్ పెట్టి టెస్ట్ చేసిన రివ్యూలు చదవకుండా పవర్ సప్లై కొనొద్దు, మిగతా ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు.

కేబుల్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పార్ట్స్ కాలిపోయే విషయం. మాడ్యులర్ పవర్ సప్లై (కేబుల్స్ విడిగా తీసి పెట్టుకునేది) కేబుల్స్ ఒక బ్రాండ్‌వి ఇంకో బ్రాండ్‌కి వాడకూడదు, కొన్నిసార్లు ఒకే బ్రాండ్‌లో రెండు మోడళ్ళకి కూడా కుదరవు. గ్రాఫిక్స్ కార్డ్ వైపు కొస అందరికీ ఒకటే, సప్లై వైపు కొసలో ఏ పిన్నుకి ఏ వోల్టేజ్ అనేది ఎవరిష్టం వాళ్ళది. ప్లగ్ మాత్రం చక్కగా దిగిపోతుంది, 12 వోల్ట్స్ రావాల్సిన చోట ఇంకోటి వస్తుంది, ఎస్‌ఎస్‌డీ నుంచి బోర్డ్ వరకు ఏదైనా పోవచ్చు. పాత సప్లై తీసేసి కొత్తది పెట్టేటప్పుడు పాత కేబుల్స్ అలాగే ఉంచేద్దాం అనే ఆలోచన రానివ్వకండి. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డ్‌కి వెళ్ళే 8 పిన్ కేబుల్ చూడటానికి దగ్గరగా ఉంటాయి, ఒకటి 4+4గా విడిపోతుంది, ఇంకోటి 6+2గా, అలా గుర్తుపట్టండి. కొత్త ఎన్‌విడియా కార్డుల్లో చాలావాటికి వచ్చే 16 పిన్ కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగేదాకా నొక్కాలి, కనెక్టర్ దగ్గరే కేబుల్ వంచకూడదు, క్యాబినెట్ వెడల్పు తక్కువైతే అద్దం ఆ కేబుల్‌ని నొక్కేస్తుంది, ఇది ఏ సైటూ చెక్ చేయదు.

మానిటర్ కూడా ఇందులో లిస్ట్‌కి కలుపుకోవచ్చు, కానీ దాన్ని చివర్లో కాకుండా మొట్టమొదట పెట్టండి అంటాను నేను. 1080పీ స్క్రీన్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు, గ్రాఫిక్స్ కార్డ్ మీద పడే బరువు అలా పెరుగుతుంది. ఏ స్క్రీన్ మీద ఏ గేమ్స్ ఆడతారో తేల్చుకుంటే కార్డ్ తేలుతుంది, కార్డ్ తేలితే ప్రాసెసర్, దాని వెనకే బోర్డ్, ర్యామ్, సప్లై, క్యాబినెట్ వరసగా వచ్చేస్తాయి. సైట్‌లో మొదటి వరసలో ప్రాసెసర్ ఉంటుంది కాబట్టి అందరూ అక్కడ మొదలుపెట్టి బడ్జెట్ అంతా దానికీ, అందమైన బోర్డ్‌కీ పెట్టేసి, గ్రాఫిక్స్ కార్డ్ దగ్గరకొచ్చేసరికి చిక్కిపోతున్నారు. వేరే సైట్లలో బాటిల్‌నెక్ కాలిక్యులేటర్లు అని, అంటే ఏ పార్ట్ మిగతావాటిని వెనక్కి లాగుతుందో లెక్కేస్తామనేవి ఉంటాయి, ఇన్ని శాతం బాటిల్‌నెక్ అని నంబర్ చూపిస్తాయి, వాటిని పట్టించుకోకండి, అదే పీసీలో ఒక గేమ్‌లో ప్రాసెసర్ ఆగుతుంది, ఇంకో గేమ్‌లో కార్డ్ ఆగుతుంది, సెట్టింగ్స్ మారిస్తే మళ్ళీ మారుతుంది, ఒక్క నంబర్‌తో తేలే విషయం కాదు.

చివరికి పీసీ కట్టాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టండి, బోర్డ్‌కి కాదు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, రైజెన్ 5 7500ఎఫ్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండవు, వాటికి బోర్డ్ పోర్ట్‌లో పెడితే ఏమీ రాదు. మొదటి బిల్డ్ అయితే లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, రైజెన్ 5 7600లో చిన్నదే అయినా ఉంది, కార్డ్ ఎప్పుడైనా మొరాయిస్తే తప్పు కార్డ్‌దా మిగతా వాటిదా అని తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది.

ధరల విషయం చెప్పకపోతే రివ్యూ పూర్తవదు. సైట్‌లో దేశం ఎంచుకుంటే అక్కడి షాపుల ధరలు చూపిస్తుంది, ఒక్కో పార్ట్‌కి ధర ఎలా మారుతూ వచ్చిందో గ్రాఫ్ ఉంటుంది, నిజంగా తగ్గించారా లేక పెంచి తగ్గించారా అని తెలుసుకోవడానికి ఆ గ్రాఫ్ నాకు చాలా నచ్చుతుంది. సైట్‌కి ఆదాయం కొంత షాపుల లింకుల మీద వచ్చే కమీషన్, అందులో తప్పేం లేదు, కాకపోతే లిస్ట్‌లో లేని షాపులో కూడా ధర కనుక్కోవాలి. మనం ఉండే చోట దొరికే అన్ని షాపులూ అందులో ఉండవు, ధర చూపించని పార్ట్ అంటే దొరకని పార్ట్ అనుకోకండి.

ఇంకా కంప్లీటెడ్ బిల్డ్స్ అనే సెక్షన్ ఉంది, నా దృష్టిలో ఈ సైట్‌లో చాలామంది వాడుకోని గొప్ప భాగం అదే. మీరు అనుకున్న క్యాబినెట్, అదే కూలర్ పెట్టి నిజంగా కట్టినవాళ్ళు ఫోటోలతో సహా పెట్టి ఉంటారు. ఫిల్టర్‌లో ఆ రెండు పార్ట్స్ పేర్లు ఇచ్చి వెతికితే చాలు, స్పెక్ షీట్ చెప్పని విషయాలు ఫోటోలో కనిపిస్తాయి, ర్యామ్ మీదకి కూలర్ ఎంత వచ్చింది, కార్డ్ కొసకి ముందు ఫ్యాన్‌కి మధ్య ఎంత ఖాళీ మిగిలింది, కేబుల్ అద్దానికి తగులుతుందా అని. కింద రాసిన వివరణల్లో ఏది పట్టలేదు, ఏది కోసి పెట్టాల్సి వచ్చింది అని కూడా చాలామంది మనస్ఫూర్తిగా రాస్తారు. ఆర్డర్ పెట్టే ముందు రాత్రి ఒక గంట అక్కడే గడపండి.

సైట్ వాళ్ళు ఒకటి కలిపితే బాగుంటుంది అని గట్టిగా అనుకుంటున్నా. కార్డ్‌కి ఎన్ని లేన్లు ఉన్నాయి, ప్రాసెసర్, బోర్డ్ కలిసి ఏ పీసీఐఈ వెర్షన్ ఇస్తాయి అనేవి లెక్క తెలిసిన సమాచారమే, బయోస్ వెర్షన్ నోట్ చూపించినట్టే ఈ కార్డ్ ఇక్కడ సగం దారిలో నడుస్తుంది అని ఒక నోట్ చూపించొచ్చు. నాలుగు ర్యామ్ కర్రలు పెట్టినప్పుడు కూడా అలాగే. అది వచ్చేదాకా గ్రాఫిక్స్ కార్డ్ స్పెక్ పేజీలో బస్ ఇంటర్‌ఫేస్ అనే లైన్, బోర్డ్ మాన్యువల్‌లో స్లాట్ల టేబుల్, ఈ రెండూ మీరే తెరిచి చూసుకోండి, మాన్యువల్ పీడీఎఫ్ బోర్డ్ కొనకముందే కంపెనీ సైట్‌లో దొరుకుతుంది.